బేకలైటు పెట్టెలోని కొయ్యపిండి

కదిరి పాత ఇండ్లలో గోడ అలమరపై గోధుమవన్నె రేడియో పెట్టె ఇంకను అక్కడక్కడ కనబడుచుండును. అది పలుకుట మానినను ఇంటివారు పారవేయరు. చాలమంది దానిని ఉత్త ప్లాస్టిక్కనుకొందురు. నిజమునకు అందులో ఇంచుమించు సగము కొయ్య.

ఆ పదార్థమునకు బేకలైటని పేరు. బెల్జియములో పుట్టి అమెరికాలో స్థిరపడిన లియో బేక్లాండ్ అను రసాయనవేత్త 1907లో ఫీనాలును ఫార్మాల్డిహైడుతో కలిపి దీనిని సాధించెను. అయితే ఆ జిగురు ఒక్కటే గట్టిపడినచో గాజువలె పెళుసు. అందుచేత మెత్తని కొయ్యపిండిని చేర్చి వేడి అచ్చులో ఒత్తుదురు. గోడమట్టిలో గడ్డితుంపులు కలుపుట మన సీమలో ఎరుగనివారెవరు? ఇదియు అట్టిదే: పగులు సాగకుండ నారలు పట్టి ఉంచును. కదిరి చుట్టుపట్ల గుట్టలు పడు వేరుశనగ పొట్టును సైతము ఇట్లే పిండిచేసి ప్లాస్టిక్కులలో కలిపి పరీక్షించినవారు కలరు.

మన వేసవిలో 40 డిగ్రీలు దాటు వేడికి ఈ పెట్టె చెడునని భయపడనక్కరలేదు. ఈ జాతి సామాను సుమారు 150 డిగ్రీల వరకు ఓర్చునని లెక్క. అయినను ముసలితనము రాకపోదు. మొదట కొయ్యనారలోని తేమ ఆవిరియై పోవును. జిగురు లోలోపల మరికొంత గట్టిపడును. రెండును ఒకే తీరున ముడుచుకొనవు గనుక వెండ్రుకవంటి చీలికలేర్పడును. వాని వెంట గాలి లోనికి పోయి జిగురును నల్లబరచును, నారల బలమును తీయును. వేడి 10 డిగ్రీలు హెచ్చినచో ఇట్టి మార్పుల వేగము సుమారు రెట్టింపగునని ఒక మోటులెక్క. కావుననే వాల్వులకు ఎదురుగా ఉన్న భాగము ముందు ముసలిదగును. పాత సెట్టును నేటికిని మ్రోగించువారు దానిని గోడకు ఆనించి, పైన అల్లిక గుడ్డ కప్పి, గాలి ఆడకుండ చేయరాదు.

రేడియో పెట్టెకంటె ప్రమాదము పాత స్విచ్చులలోను, బల్బు హోల్డర్లలోను ఉన్నది. మర వదులైనచో ఆ ఒక్కచోటనే వేడి పోగగును. 200 డిగ్రీలు దాటిన కొయ్య మాడి బొగ్గగును. బొగ్గు విద్యుత్తును ప్రసరింపజేయును! కరెంటును అడ్డుకొనవలసినదే దానికి దారి ఇచ్చును. మేమును ఒకప్పుడు అట్టి నల్లమచ్చను మసి అనుకొని తుడిచి, హోల్డరును మరల బిగించితిమి. మరునాటి రాత్రి దానినుండి రవ్వలు రాలినవి. మచ్చ తుడిచినను పోనిచో మెయిను ఆపి, దానిని ఊడదీయించి పారవేయవలెను.

నేడు అంగళ్లలో దొరకు కొయ్యపిండి ప్లాస్టిక్కు తలుపులు వేరు జాతివి. బేకలైటు గట్టిపడిన పిదప మరల కరగదు. వీనిలోని ప్లాస్టిక్కు మాత్రము వేడికి మెత్తబడును. పడమటి ఎండ నేరుగా తగులు వాకిట బరువు మోయుచు ఏండ్ల తరబడి నిలిచిన తలుపు మెల్లగా వంగవచ్చును.

పాత రేడియో పెట్టె కళ తప్పినదని గరుకు కాగితముతో రుద్దరాదు. పైనున్న జిగురుపొర పోయినచో నారలు బయటపడి వానకాలపు తేమను పీల్చును. పొడిగుడ్డతో తుడిచిన చాలును.