వాణిజ్య లోటు

నెల సగం గడిచేసరికి కేంద్ర వాణిజ్య శాఖ లెక్కలు విడుదల చేస్తుంది, మర్నాడు పత్రికల్లో ఈ మాట పడుతుంది. దేశం బయటికి అమ్మిన సరుకుల విలువ కన్నా కొన్న సరుకుల విలువ ఎక్కువైతే, ఆ తేడాయే వాణిజ్య లోటు. 2023-24లో మన ఎగుమతులు సుమారు 437 బిలియన్ డాలర్లు, దిగుమతులు దాదాపు 678 బిలియన్లు. లోటు 240 బిలియన్ల పైమాటే.

ఇందులో పెద్ద పద్దు ముడిచమురు. మనం వాడేదాంట్లో 85 శాతానికి పైగా బయటిదే. ఆపైన బంగారం; దీపావళి, పెళ్లిళ్ల ముందు దీని దిగుమతులు ఎగబాకడం మామూలే. కాకినాడ రేవులో దిగే పామాయిల్‌దీ ఇదే ఖాతా.

లోటనగానే నష్టమని కంగారుపడనక్కర్లేదు. అమెరికా దశాబ్దాలుగా లోటుతోనే నడుస్తోంది. పైగా ఇది సరుకుల లెక్క మాత్రమే. హైదరాబాద్ ఐటీ కంపెనీల సంపాదన, గల్ఫ్ నుంచి మనవాళ్లు పంపే సొమ్ము ఇందులోకి రావు. అవన్నీ కలిస్తే కరెంట్ ఖాతా. నిజానికి కన్నేసి ఉంచాల్సింది దానిమీదే. డాలర్లు అడుగంటితేనే అసలు చిక్కు: 1991లో కొద్ది వారాల దిగుమతులకు సరిపడా డాలర్లే మిగిలితే, రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశీ బ్యాంకుల్లో కుదువపెట్టి 40 కోట్ల డాలర్లు తెచ్చింది.