కందిలో పురుగు హెచ్చరిక: ఎవరి వంతు, ఎంత గడువు?

వికారాబాద్ జిల్లాలోని దోమ, తాండూరు ప్రాంతాల రైతాంగానికి కంది ముఖ్యమైన వానాకాలపు పంట. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. జూన్, జూలై మాసాలలో విత్తిన పంట సాధారణంగా అక్టోబరు, నవంబరులలో పూత, పిందె దశలకు చేరుతుంది. శనగపచ్చ పురుగు, మారుకా మచ్చల పురుగు ఆశించే కాలం అదే. దసరా, దీపావళి సెలవులు తరచుగా వచ్చే కాలమూ అదే. నిఘా వ్యవస్థకు అసలైన పరీక్ష ఈ వారాలలోనే ఎదురవుతుంది.

గడువును నిర్ణయించేది పురుగే

శనగపచ్చ పురుగు గుడ్లు సుమారు 3–4 రోజులలో పొదుగుతాయి. ఎన్.పి.వి. ద్రావణం, వేప సంబంధిత మందులు చిన్న లార్వాలపైనే సమర్థంగా పనిచేస్తాయి. పెద్ద లార్వా కాయలో తల దూర్చిన తరువాత మందు అందడం కష్టం. కావున లింగాకర్షక బుట్టలో మగ రెక్కల పురుగుల సంఖ్య పెరిగిన నాటి నుండి సలహా రైతుకు చేరే వరకు మనకున్న వ్యవధి కొద్ది రోజులే. బుట్టలోని లెక్క నోటుపుస్తకంలోనే నిలిచిపోతే ఆ వ్యవధి వృథా అవుతుంది.

వంతుల పట్టిక, హెచ్చరిక మెట్లు

హైదరాబాదులోని సాఫ్ట్‌వేర్ బృందాలు రాత్రి, సెలవు దినాలలో బాధ్యతను వంతులవారీగా పంచుకుంటాయి. మొదటి వ్యక్తి స్పందించకుంటే సమాచారం తరువాతి వ్యక్తికి చేరుతుంది. ఈ పద్ధతిని మనమూ అనుసరించవచ్చు.

పూత దశకు ముందే ప్రతి క్లస్టరుకు బాధ్యుడైన విస్తరణాధికారి పేరు, ఆయన సెలవులో ఉంటే ప్రత్యామ్నాయం ఎవరో రాసి ఉంచాలి. పురుగు ఉధృతి సిఫారసు చేసిన స్థాయిని దాటిన రోజే విస్తరణాధికారి చేలో మొక్కలపై గుడ్లు, లార్వాలను పరిశీలించాలి. మరునాటికి స్పందన లేకుంటే సమాచారం మండల వ్యవసాయాధికారికి, ఆపై తాండూరు పరిశోధన స్థానం శాస్త్రవేత్తలకు చేరాలి. అందుకున్నవారు "అందింది" అని తప్పక తెలపాలి.

ప్రతి చిన్న పెరుగుదలకూ హెచ్చరిక పంపితే ఎవరూ పట్టించుకోరు. స్థాయి దాటనివి వారపు నివేదికకు పరిమితం కావాలి. మారుకాను మాత్రం బుట్టల లెక్కతో అంచనా వేయరాదు. గూళ్లు కట్టిన పూత, మొగ్గలను చేలో వెదకవలసిందే.

గ్రామీణ అనుభవ కార్యక్రమంలోని విద్యార్థులు మూడు సమయాలను నమోదు చేయవచ్చు: లెక్కించినది, అధికారి అందుకున్నది, రైతుకు సలహా చేరినది. జాప్యం ఏ మెట్టులో ఉన్నదో తెలిసినప్పుడే వచ్చే వానాకాలానికి దానిని సరిదిద్దగలం.