నిత్య నియమమే నిజమైన సాధన

ఉగాదినాడో, ఏకాదశినాడో ఒక మంచి అలవాటుకు శ్రీకారం చుడతాం. వేకువనే లేవాలని, పారాయణ చేయాలని, కోపాన్ని జయించాలని సంకల్పిస్తాం. పది రోజులు గడిచేసరికి ఆ పట్టు సడలుతుంది. 'ఇది నావల్ల కాదు' అంటూ మనల్ని మనమే నిందించుకుంటాం.

ఈ వేదన మనకే పరిమితం కాదు. మనస్సును నిగ్రహించడం గాలిని బంధించడమంత కష్టమని అర్జునుడంతటి వీరుడే శ్రీకృష్ణ పరమాత్మతో మొరపెట్టుకున్నాడు. స్వామి ఆ కష్టాన్ని కాదనలేదు. అభ్యాస వైరాగ్యాలతో అది సాధ్యమేనని భగవద్గీత ఆరో అధ్యాయంలో ఉపదేశించాడు. అభ్యాసం చిరకాలం సాగాలని, నిరంతరంగా ఉండాలని, ఆదరభావంతో చేయాలని పతంజలి మహర్షి యోగసూత్రాల్లో మూడు లక్షణాలు చెప్పారు. ఎంత ఎక్కువ చేశామన్న లెక్క అందులో లేదు.

ఈ సత్యానికి నిలువెత్తు నిదర్శనం తాళ్లపాక అన్నమాచార్యులు. ఆ మహనీయుడు పదహారో ఏట, 1424లో సంకీర్తన రచన ఆరంభించి, 1503లో పరమపదించేవరకు కొనసాగించారు. దినానికి ఒక్క సంకీర్తనకైనా తక్కువ కాకుండా శ్రీనివాసునికి సమర్పించడం ఆయన నియమమని ప్రతీతి. ఆయన రచనలు 32 వేలని చెబుతారు. వింటేనే విస్మయం కలుగుతుంది. కానీ 79 ఏళ్లకు పంచి చూడండి, రోజుకు ఒకటికి కాస్త మించుతుంది, అంతే! అంతటి వాఙ్మయం రోజుకొక పుష్పంగా కూడిన పూమాల.

కనుక మన నియమమూ చిన్నదిగానే ఉండాలి. సంధ్యాదీపం వెలిగించిన వెంటనే ఒక్క శ్లోకం, భోజనానికి ముందు క్షణకాలం దైవస్మరణ చాలు. ఇప్పటికే ఉన్న ఆచారానికి ముడివేస్తే కొత్త అలవాటు సులభంగా వేళ్లూనుతుంది.

మరి అనారోగ్యం వల్లనో, ప్రయాణం వల్లనో నియమం తప్పితే? శ్రద్ధ ఉండి కూడా సాధన మధ్యలో జారిపోయినవాడి గతి ఏమిటని అర్జునుడూ అడిగాడు. మంచి చేసినవానికి దుర్గతి లేదని, పూర్వాభ్యాసమే అతణ్ని మరుజన్మలో తిరిగి ముందుకు నడిపిస్తుందని స్వామి అభయమిచ్చాడు. జన్మ మారినా నశించని సాధన ఒక్క రోజు తప్పితే నశిస్తుందా? మరునాడు మళ్లీ దీపం ముందు కూర్చోవడమే దానికి ప్రాయశ్చిత్తం.

ఇక విజయానికి కొలమానం ఏది? పారాయణ చేసిన గ్రంథాల సంఖ్య కాదు. నిన్నటికంటే నేడు కోపం కొంతైనా తగ్గిందా? ఇంట్లోవారి మాటను ఓపికగా విన్నామా? రాత్రి నిద్రకు ముందు ఈ రెండు ప్రశ్నలు వేసుకుని, ఆ జవాబును భగవంతుని పాదాల చెంత ఉంచుదాం.