జింక భయమే చేనికి కంచె

మన కర్నూలు పడమటి పల్లెల్లో, ఆలూరు, పత్తికొండ దిక్కున, బుడ్డలు, అంటే వేరుశనగ, మొలకెత్తినాయంటే రైతుకు కంటి మీద కునుకుండదు. తెల్లారేసరికి కృష్ణజింకల మంద చేలో దిగి, లేత మొలకలు కొరికేస్తుంది. కడప లంకమల అడవి అంచు చేలల్లో దుప్పుల బాధ ఇట్లాంటిదే.

బీడుగడ్డి ఉండగా చేనే ఎందుకంటారా? ముదిరిన గడ్డిలో పీచు ఎక్కువ, సత్తువ తక్కువ. చిగురులో నీళ్లూ మాంసకృత్తులూ మెండు. అందులోనూ బుడ్డ, పప్పుశనగ వేళ్ల బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టుకునే జాతి, వాటి ఆకు మరింత బలం. కరువేడు బీడంతా ఎండి, తడి పారిన మడి ఒక్కటే పచ్చగా ఉంటే ఏ జింకైనా అక్కడికే వస్తుంది.

ఇంకో మాట చెప్పాల. దుప్పి కొమ్ములు ఏటేటా రాలి మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింక మెలికల కొమ్ములు రాలవు, అది ఆవు, మేకల కుటుంబంలోది. కానీ రెండూ నెమరేసేవే. సంతలో గబగబా సంచి నింపుకొని, ఇంటికొచ్చి తీరిగ్గా ఏరుకున్నట్టు, మేత తొందరగా మింగి, భయం లేని చోట కూచుని నములుతాయి. మేసేటప్పుడు ప్రాణమంతా చెవుల్లో, కళ్లల్లో ఉంటుంది. ఆ భయాన్ని తెలుసుకుంటే మనకు సగం కంచె కట్టినట్టే.

జింక కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ కనిపిస్తుంది, చిన్న కదలిక కూడా తప్పించుకోదు. అయితే ఎరుపు మనకు కొట్టొచ్చినట్టు దానికి కనిపించదు. అందుకే చేను చుట్టూ కట్టే పాతచీర ఎర్రదే కానక్కర్లేదు. గాలికి రెపరెపలాడాల, అవతలేముందో కనపడనీయకూడదు. కాలు మోపే చోటు కనపడకపోతే ఎగిరే జంతువైనా వెనకాడుతుంది.

తర్వాత వాసన. కుళ్లిన గుడ్డులోంచి గంధకపు వాసన వస్తుంది, కుళ్లే మాంసంలోనూ అదే. గడ్డి తినే జీవికి అది దగ్గర్లో వేటజంతువుందన్న హెచ్చరిక. అమెరికా తోటల్లో జింకలు రాకుండా చల్లే మందులు చాలావాటిలో సరుకు గుడ్డే! కుళ్లిన గుడ్డు కలిపిన నీళ్లు మనం తినే ఆకు మీద కాకుండా గట్టు కంప మీద చల్లండి, వాన పడితే మళ్లీ చల్లండి.

ఒక్కటి మరవద్దు. జింక నేర్చుకుంటుంది. కదలని దిష్టిబొమ్మ తననేమీ చేయదని తెలిసినాక దాని పక్కనే మేస్తుంది. అందుకని చీర చోటు మార్చాల, ఒకనాడు వాసన, ఒకనాడు డబ్బా చప్పుడు. గట్టు వెంబడి నాలుగు వరుసలు ముళ్లకుసుమ వేస్తే ఆ ముల్లు బెదిరింపు కాదు, నిజంగానే గుచ్చుకుంటుంది.

కరెంటు తీగ, ఉచ్చు మాత్రం పెట్టొద్దు నాయనా. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు, 1972 వన్యప్రాణి చట్టం దానికి గట్టి రక్షణ ఇచ్చింది. ఆ కరెంటు తీగ మనిషినీ చంపుతుంది. బట్టమేక పిట్ట కోసం 1988లో రోళ్లపాడును అభయారణ్యం చేస్తే, కాపాడిన గడ్డిలో జింకలు పెరిగి చుట్టుపక్కల చేలమీద పడినాయి. జింకను కాపాడే భారమంతా పేదరైతు మీద వేయడం న్యాయం కాదు, పోయిన పంటకు పరిహారం సకాలంలో అందాల. మనవంతుగా చీర కట్టండి, ఎన్నాళ్లకు జింక దానికి అలవాటు పడుతుందో రాసిపెట్టుకోండి, అంతకు ముందే మార్చండి.