బీరువా తాళం ఇవ్వకుండా ఒక్క పత్రం చూపడం ఎలా?

అమలాపురంలో ఇంటర్ పూర్తిచేసిన విద్యార్థి, 2015లో మొదలైన డిజిలాకర్‌లోని తన మార్కుల జాబితాను ఏదైనా దరఖాస్తు యాప్‌కు చూపదలచినప్పుడు, ఆ యాప్‌కు తన పాస్‌వర్డ్ చెప్పనక్కరలేదు. డిజిలాకర్ పేజీలోనే లాగిన్ అయి సమ్మతి తెలిపితే, యాప్‌కు టోకెన్ అనే తాత్కాలిక అనుమతి చీటీ అందుతుంది. కోనసీమ తోటలో కొబ్బరి దింపుకు వచ్చిన మనిషికి చెట్లెక్కే అనుమతి ఉంటుందే గాని ఇంట్లోని బీరువా తెరిచే అనుమతి ఉండదు. అలాగే చీటీ ఎంతవరకు చెల్లుతుందో తెలిపే హద్దును స్కోప్ అంటారు.

ఇలాంటి అనుమతి చీటీల పద్ధతిని నిర్దేశిస్తూ 2012లో వెలువడిన ఓఆథ్ 2.0 ప్రమాణం ప్రకారం, స్కోప్‌లను మధ్యలో ఖాళీలు విడిచి పదాల వరుసగా రాస్తారు. ఇంగ్లీషు పెద్దక్షరానికి, చిన్నక్షరానికి ఉన్న తేడా కూడా లెక్కకు వస్తుంది. అడిగినదానికంటే తక్కువ ఇచ్చే హక్కు సర్వరుకు ఉన్నది కనుక, యాప్ తరఫున సర్వరుతో మాట్లాడే కోడ్, అంటే క్లయింట్ లైబ్రరీ, అడిగినవాటిని కాక దక్కినవాటినే గుర్తుపెట్టుకోవాలి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. చదవడానికి మాత్రమే చెల్లే చీటీతో మార్పు చేయబోతే సర్వరు సాధారణంగా 403 అనే సంఖ్యతో తిప్పిపంపుతుంది. అప్పుడు లైబ్రరీ అదే అభ్యర్థనను పదేపదే పంపక, కొరవడిన స్కోప్‌కు మాత్రమే వినియోగదారుడి సమ్మతిని మళ్లీ కోరాలి.