శుభలేఖలు వెయ్యి, విస్తళ్లు ఆరొందలు

లినక్స్‌లో టాప్ అనే కమాండు కొట్టి చూస్తే ప్రతి ప్రాసెస్‌కీ రెండు అంకెలు కనబడతాయి: విర్ట్, రెస్. మొదటిది గిగాబైట్లలో ఉంటే రెండోది చాలాసార్లు మెగాబైట్లలోనే మిగిలిపోతుంది. మొదటిది ప్రోగ్రాం అడిగింది, రెండోది ఇప్పుడు ర్యామ్‌లో నిజంగా ఉన్నది.

ప్రోగ్రాం, మెమరీ అడిగే ఫంక్షన్ మాలక్‌ని పిలిచి ఒక గిగాబైట్ అడిగిందనుకుందాం. చిరునామా వెంటనే చేతికొస్తుంది. కెర్నెల్ చేసిందల్లా, ఆ ప్రాసెస్ ఖాతాలో ‘ఇక్కణ్ణించి ఇక్కడిదాకా దీనిది’ అని హద్దులు రాసుకోవడం. ర్యామ్‌లో దాదాపు ఏమీ కదల్లేదు. పాసుపుస్తకం వచ్చింది, పొలం రాలేదు.

పొలం ఎప్పుడొస్తుంది? అడుగు పెట్టినప్పుడు. ప్రోగ్రాం ఆ చిరునామాలో మొదటిసారి ఏదైనా రాయబోతే, ఏ చిరునామాకి ర్యామ్‌లో ఏ చోటో చెప్పే పేజీ పట్టికలో ప్రాసెసర్ వెతుకుతుంది. అక్కడ ఏమీ ఉండదు. దాన్నే పేజ్ ఫాల్ట్ అంటారు. పేరులో తప్పు ఉన్నా తప్పేమీ జరగలేదు. కెర్నెల్ నిద్రలేచి ఖాతా తిరగేస్తుంది. హద్దుల్లోపలే ఉంటే 4096 బైట్ల ఖాళీ ముక్క ఒకటి తీసి, సున్నాలతో నింపి, పట్టికలో ఎక్కించి, ఆగిన ఆదేశాన్ని మళ్లీ నడిపిస్తుంది. సున్నాలెందుకంటే, పాత యజమాని పాస్‌వర్డ్ అందులో మిగిలి ఉండొచ్చు. అద్దె ఇంటికి సున్నం వేయించే యజమానుల్లో ఇంత నిష్ఠ చూడలేదు. హద్దు దాటితే మాత్రం సెగ్మెంటేషన్ ఫాల్ట్; ప్రోగ్రాం సాధారణంగా అక్కడితో సరి.

ఆ పట్టిక సంగతీ చూడాలి. ఇప్పటి 64 బిట్ల ఇంటెల్ తరహా యంత్రాల్లో మామూలుగా చిరునామాకి వాడేది 48 బిట్లు. అందులో ప్రాసెస్ వాటా 128 టెరాబైట్లు, ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎనిమిది గిగాబైట్లే అయినా సరే. మొత్తం 48 బిట్లకీ ఒకే పొడుగు పట్టిక వేస్తే పట్టికకే 512 గిగాబైట్లు కావాలి. అందుకని నాలుగు అంతస్తులుగా, ఒక్కో పట్టికకి 512 గదులుగా కట్టారు. ఎవరూ అడుగుపెట్టని కొమ్మకి కింది పట్టికలే పుట్టవు.

ఇలా మాటలు ఇచ్చుకుంటూ పోతే, మొత్తం ఉన్న మెమరీని మించిపోదా? పోతుంది. శుభలేఖలు వెయ్యి పంచి, భోజనాలు ఆరొందల మందికి చెప్పే పెళ్లిపెద్ద లెక్కే ఇదీ. అడిగినవాళ్లంతా అడిగినంతా వాడరని ధీమా. అందరూ ఒకేసారి పంక్తిలో కూర్చుంటే, డిస్కులో పక్కన పెట్టిన స్వాప్ ఉన్నంతసేపు కెర్నెల్ సాంబారులో నీళ్లు పోస్తూ నెట్టుకొస్తుంది. అదీ అయిపోతే ఓఓఎం (అవుట్ ఆఫ్ మెమరీ) కిల్లర్ బయల్దేరుతుంది. ముఖ్యంగా ఎవరు ఎక్కువ మెమరీ పట్టుకున్నారో చూసి, ఆ ప్రాసెస్‌ని చంపేస్తుంది. కాస్త ఆలోచిస్తే, అది తరచూ మీకు అన్నిటికన్నా కావలసిన డేటాబేసే. దాన్ని కాపాడుకోవాలంటే ఓఓఎం స్కోర్ అడ్జ్ విలువను మైనస్ 1000 చేయాలి. అప్పుడు వేటు పక్క విస్తరి మీద పడుతుంది.

ఓవర్‌కమిట్ మెమరీ సెట్టింగ్‌ను 2 చేస్తే కెర్నెల్ లెక్కకు మించి మాట ఇవ్వదు, లేదని ముందే చెప్పేస్తుంది. అప్పుడుగానీ తెలియదు, మాలక్ కాదంటే ఏం చేయాలో ఎన్ని ప్రోగ్రాములు రాసుకోలేదో.