ఓజోన్ మందం తేల్చిన డాబ్సన్ పరికరం

స్ట్రాటోఆవరణంలో ఓజోన్ ఎలా పుడుతుందో 1930లో సిడ్నీ చాప్‌మన్ వివరించాడు గాని, అది ఎంత ఉందో నేల మీద నుంచే కొలిచే పరికరాన్ని ఆక్స్‌ఫర్డ్‌లో గోర్డన్ డాబ్సన్ 1920లలోనే రూపొందించాడు. 242 నానోమీటర్ల కంటే పొట్టి తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కిరణం తగిలితే ఆక్సిజన్ అణువు రెండు పరమాణువులుగా చీలుతుంది. అలా విడిపడిన పరమాణువు మరో ఆక్సిజన్ అణువుతో కలిసి ఓజోన్ అవుతుంది. ఆ ఓజోన్ కాస్త పొడవైన అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని మళ్లీ విడిపోతుంది. ఈ పుట్టడం, పోవడం ఎడతెగక సాగుతుండగా నికరంగా మిగిలే నిల్వనే ఓజోన్ పొర అంటారు.

డాబ్సన్ పట్టుకున్న కీలకం ఈ పీల్చుకునే గుణంలోనే ఉంది. ఓజోన్ 305.5 నానోమీటర్ల కాంతిని బాగా పీల్చుకుని, 325.4 నానోమీటర్ల కాంతిని చాలావరకు వదిలేస్తుంది. లోపలికి వచ్చిన సూర్యకాంతిని క్వార్ట్జ్ పట్టకం విడదీయగా, సన్నని చీలికలు ఆ రెండింటినే ఏరుకుంటాయి. తిరిగే చక్రం వాటిని ఒకదాని వెంట ఒకటిగా కాంతి గ్రాహకం మీదికి పంపుతుంది. వాటి తీవ్రతల్లో తేడా ఉన్నంతసేపూ గ్రాహకం నుంచి వచ్చే విద్యుత్తు హెచ్చుతగ్గులవుతూనే ఉంటుంది గనుక, ఒక చివర తేటగా, రెండో చివర నల్లగా ఉండే ఫలకాన్ని బలమైన కాంతికి అడ్డంగా మెల్లగా జరుపుతూ పోతే, రెండూ సమమైన చోట మీటరు ముల్లు సున్నా దగ్గర నిలుస్తుంది. కొలిచేది కాంతి బలాన్ని కాదు, రెండు కాంతుల నిష్పత్తిని. అందువల్ల గ్రాహకం పాతబడి మందగించినా ఫలితం అంతగా చెడదు. ఈ పరికరం ఘనత అంతా అందులోనే ఉంది. ఆ నిష్పత్తి నుంచి లెక్కగట్టిన ఓజోన్‌ను డాబ్సన్ యూనిట్లలో చెబుతారు. తలపైనున్న ఓజోన్‌నంతా సముద్రమట్టపు పీడనంలో, సున్నా డిగ్రీల సెల్సియస్ వద్ద కుదిస్తే వచ్చే మందంలో మిల్లీమీటరులో నూరో వంతును ఒక డాబ్సన్ యూనిట్ అంటారు. 300 యూనిట్లంటే కేవలం 3 మిల్లీమీటర్లు.

అంటార్కిటికాలోని హేలీ బే స్థావరంలో 1950ల చివరి నుంచి ఈ పరికరంతో సాగిన కొలతల్లో, 300 యూనిట్లకు చేరువలో ఉండిన అక్టోబరు సగటు 1984 నాటికి 200 దాపులకు పడిపోయింది. పాత పరికరాన్ని అనుమానించి కొత్తది తెప్పించినా ఫలితం మారకపోవడంతో శాస్త్రవేత్తలు ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ 1985లో ‘నేచర్’ పత్రికలో దీన్ని ప్రకటించారు. శీతలీకరణ యంత్రాల్లో అప్పట్లో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్ల నుంచి విడివడే క్లోరిన్, తాను ఖర్చు కాకుండానే ఓజోన్‌ను వేల అణువుల లెక్కన విరగ్గొడుతుందని రసాయన శాస్త్రవేత్తలు మొలీనా, రోలండ్ 1974లోనే హెచ్చరించారు. ధ్రువప్రాంతపు చలికాలపు మేఘకణాలపై నిద్రాణమైన క్లోరిన్ సమ్మేళనాలు చురుకైన రూపంలోకి మారి, వసంతపు ఎండ తగలగానే ఆ పనికి పూనుకుంటాయని తరువాతి పరిశోధనలు తేల్చాయి. క్లోరోఫ్లోరోకార్బన్ల వంటి ఓజోన్‌ను హరించే పదార్థాలను అదుపు చేయడానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఉపగ్రహాల కొలతలను సరిచూడటానికి నేటికీ డాబ్సన్ పరికరాలను వాడుతున్నారు.